పెద్ద స్కూటరు – 36 కిస్తీలు – మేము నేర్చుకున్న లెక్క



మొన్న ఒక తమ్ముడు "డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, పెద్ద స్కూటరు తీసుకుందామని ఉంది, ఏది బాగుంటుంది?" అని అడిగాడు. కింద తలా ఒక కంపెనీ పేరు రాశారు. మేమూ రాయబోయి ఆగిపోయాం. ఒక్క పేరు రాసి ఊరుకుంటే ఆ తమ్ముడికి అన్యాయం చేసినట్టే అనిపించింది. పోస్టు పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

మేము నలుగురం. తునిలో హాస్టల్లో ఒకే రూములో ఉంటాం. ఇద్దరు కొండరెడ్లు, ఒకడు కోయదొర, ఒకడు కొండకమ్మర. నాలుగు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకడు పెద్ద స్కూటరు కొన్నాడు. ఎవడో చెప్పం. చెబితే ఊరెళ్లినప్పుడల్లా వాణ్ణే పట్టుకుని అడుగుతారు. పైగా షోరూముకి నలుగురం కలిసే వెళ్లాం, "తీసుకోరా, ఏం పర్లేదు" అని ముగ్గురం ఎగదోశాం. కాబట్టి కొన్నది మేమే అనుకుని చదవండి.

తుని సంగతి తెలిసిందే కదా. 16వ నంబరు హైవే పక్కనే. తాండవ దాటితే పాయకరావుపేట. ఆదివారం పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడితే విశాఖపట్నం నుంచి రాజమండ్రి వైపు వెళ్లే బళ్లన్నీ కనబడతాయి. మేము మొదటి సంవత్సరంలో అక్కడే నిలబడి చూసేవాళ్లం. బైకులు చాలా చూశాం గానీ ఈ పెద్ద స్కూటర్లు వేరేగా ఉండేవి. ముందు వెడల్పాటి మొహం, పొడుగు అద్దం, సోఫాలాంటి సీటు. నడిపేవాడు కాళ్లు ముందుకి చాపుకుని దర్జాగా కూర్చుంటాడు. మా ఊళ్లలో స్కూటరంటే హెల్త్ డిపార్ట్‌మెంటు వాళ్లో, మేస్టార్లో వేసుకొచ్చే చిన్న బండి. ఇది అది కాదు.

వీటి కథ కొంచెం చెబుతాం. ఈ రకం బళ్లని మాక్సీ స్కూటర్లంటారు. 1986లో హోండా వాళ్లు 250 సీసీతో హీలిక్స్ అని తెచ్చారు. ఈ రకానికి అదే ఆద్యం అంటారు. 1995లో యమహా మెజెస్టీ, 1998లో సుజుకి బర్గ్‌మన్ వచ్చాయి. జపాన్‌లో, యూరప్‌లో రోజూ దూరం నుంచి ఉద్యోగానికి వెళ్లేవాళ్లు గేర్లు మార్చే గోల లేకుండా హైవే మీద వెళ్లడానికి వాడారు. మన దేశంలో 2006లో కైనెటిక్ వాళ్లు బ్లేజ్ అని 165 సీసీది తెచ్చారు గానీ నిలబడలేదు. 2018 జూలైలో బర్గ్‌మన్ స్ట్రీట్ వచ్చింది. ఒళ్లు పెద్దది, ఇంజను 125 సీసీయే. 2020 డిసెంబరులో అప్రిలియా ఎస్ఎక్స్ఆర్ 160, 2021 సెప్టెంబరులో యమహా ఏరాక్స్ 155 వచ్చాయి. ఆ అక్టోబరులోనే బీఎండబ్ల్యూ వాళ్లు సీ 400 జీటీ అని ఒకటి తెచ్చారు, ధర 9,95,000. ఆ డబ్బుతో మా ఊళ్లో అందరికీ తలో బండీ వస్తుందని నవ్వుకున్నాం. 2025 జనవరిలో హీరో జూమ్ 160 దిగింది, లక్షా 48 వేలకి. ఇవి మంచి బళ్లే. కొన్నిటికి నీళ్లతో చల్లబడే ఇంజను, ఏబీఎస్, 14 అంగుళాల చక్రాలు, తాళం జేబులోంచి తియ్యక్కర్లేకుండా స్టార్టవడం. వీటిలో ఒకటి మేము కొన్నాం. ఏదో చెప్పం. తప్పు బండిది కాదు.

ఇక అసలు విషయం.

మొదటిసారి షోరూముకి ఊరికే చూడ్డానికి వెళ్లాం. మామిడి యార్డులో పళ్ల ట్రేలు ఎత్తి అటునుంచి అటే వెళ్లాం. చొక్కాల నిండా జీడి మరకలు, కాళ్లకి హవాయి చెప్పులు. లోపలి కుర్రాడు పైనుంచి కిందకి చూసి, "ఎక్సెల్ కావాలంటే ఇక్కడ ఉండవు, వేరే చోట చూడండి" అన్నాడు. మేము ఎక్సెల్ అడగలేదు. అసలు ఏమీ అడగలేదు. బయటికొచ్చేశాం. హాస్టల్ దాకా ఎవరం మాట్లాడుకోలేదు.

గత ఉగాదికి డబ్బు పట్టుకుని వెళ్లాం. ఈసారి మావాడి నాన్న కూడా ఉన్నారు. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచేశారు. లోపలినుంచి మేనేజరు వచ్చి, "అయ్యో, పర్లేదు సార్, చెప్పులతోనే రండి సార్" అని కుర్చీ వేశాడు. అందరికీ కూల్‌డ్రింకులు ఇచ్చాడు. ఎమ్మార్వో ఆఫీసులో, బ్యాంకులో, సంతలో ఎవరైనా ఆయన్ని "ఏరా", "ఒరే" అనేవాళ్లే. యాభై ఏళ్ల మనిషిని మొదటిసారి సార్ అనడం మేము అక్కడే విన్నాం. ఆయన ఆ కుర్చీలో అంచునే కూర్చున్నారు. మావాడు ఆయన మొహం చూశాడు. ఆ తర్వాత ఏ కాగితం పెట్టినా సంతకం పెట్టేశాడు.

నిజం చెప్పాలంటే మేము స్కూటరు కొనలేదు. ఆ "సార్" కొన్నాం. ఆ రోజు అది తెలీలేదు.

డబ్బు లెక్క ఇది. అందరూ జాగ్రత్తగా చదవండి, బీకాం చదివేవాళ్లు మరీను. అన్నీ కలిపి రోడ్డు మీదకి 1,75,000. చేతి నుంచి 35,000 కట్టాం. అందులో 15,000 మావాడు రెండేళ్లు యార్డులోనూ కేటరింగులోనూ దాచుకున్నది. 20,000 వాళ్ల నాన్న సంతలో షావుకారు దగ్గర తెచ్చారు, జీడిపిక్కల మీద. ఆ ఏడు పిక్కలన్నీ ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే. మిగతా 1,40,000 ఫైనాన్సు. "పది శాతమే సార్, 36 నెలలు" అన్నారు. పది శాతం అంటే తక్కువే కదా అనుకున్నాం.

అది ఫ్లాట్ వడ్డీ. అంటే నువ్వు నెలనెలా అసలు కట్టుకుంటూ వస్తున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజున్న 1,40,000 మీదే మూడేళ్లూ వేస్తారు. ఏడాదికి 14,000, మూడేళ్లకి 42,000. అసలు, వడ్డీ కలిపి 1,82,000ని 36తో భాగిస్తే నెలకి 5,056. అదే తగ్గే బాకీ మీద పది శాతం అయితే నెలకి సుమారు 4,517, మూడేళ్ల వడ్డీ 22,600 దాకా అయ్యేది. తేడా దాదాపు 19,400. మేము ఆ తర్వాత లెక్చరర్ గారి దగ్గర కూర్చుని లెక్క కట్టిస్తే, ఫ్లాట్ పది శాతం అంటే నిజానికి ఏడాదికి దాదాపు 18 శాతం అని తేలింది.

2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చే ఇలాంటి అప్పులకి ముందే ఒక కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటు అంటారు. అన్ని ఖర్చులూ కలుపుకుని ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి, మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి. మేము సంతకం పెట్టిన బొత్తిలో అది ఉందో లేదో కూడా చూడలేదు. మీరు అడగండి. అడిగితే ఎవరూ కొట్టరు.

మొదటి రెండు నెలలు స్వర్గమే. అబద్ధం ఎందుకు. కాలేజీకి నడిచి వెళ్లే దారిలో మేము స్కూటరు మీద వెళ్తుంటే క్లాసులో మాట్లాడనివాళ్లు కూడా "ఒక రౌండు ఇస్తావా బ్రో" అన్నారు. పెట్రోలుకి నలుగురం వంతులేసుకున్నాం.

ఒకసారి ఇద్దరం లంబసింగి వెళ్లాం, నర్సీపట్నం మీదుగా. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, మంచి ఊపుగా ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం భయపడ్డాం. ఈ బళ్లకి గేర్లు ఉండవు. లోపల బెల్టు, రెండు పుల్లీలు ఉంటాయి. యాక్సిలరేటరు వదిలేశాక వేగం ఒక మోతాదుకి తగ్గితే క్లచ్ దానంతటదే విడిపోతుంది. ఇక ఇంజను చక్రాన్ని పట్టుకోదు. బైకు అయితే రెండో గేరులో వేసి దింపుకోవచ్చు. దీనికి బ్రేకులే దిక్కు. ఇద్దరి బరువు, వరసగా మలుపులు. కాసేపటికి కాలిన వాసన వచ్చింది, లివరు పట్టుకుంటే మెత్తగా లోపలికి పోయింది. పక్కన ఆపి అరగంట కూర్చున్నాం, బ్రేకులు చల్లారాక దిగాం. ఘాటు రోడ్డు మీద గేర్లు లేని ఏ బండి నడిపినా ఈ మాట గుర్తుపెట్టుకోండి. రెండు బ్రేకులూ వాడండి, పట్టి వదులుతూ దిగండి, మధ్యలో ఆగండి.

తర్వాత ఊరు తీసుకెళ్లాం. కోటనందూరు, నర్సీపట్నం, కృష్ణదేవిపేట దాటి రాజవొమ్మంగి వైపు. రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ హైవే పుణ్యమా అని పెద్ద రోడ్డు దాకా హాయిగా వచ్చేశాం. అక్కడినుంచి ఊరికి 4 కిలోమీటర్లు. రాళ్లు, మట్టి, మధ్యలో వాగు. ఈ బళ్ల కడుపు నేలకి దగ్గరగా ఉంటుంది. ఏరాక్స్ అయితే 145 మిల్లీమీటర్లే, అంటే జానెడు కూడా లేదు. మాదీ దాదాపు అంతే. వంద గజాలు పోనిచ్చాం, కింద రాయి గీసింది. ఇంకొంచెం పోతే మళ్లీ గీసింది. వెనక్కి తిప్పి రోడ్డు పక్క బంధువుల ఇంట్లో పెట్టి నడిచాం.

1,75,000 రూపాయల బండి ఊళ్లోకి రాలేదు. ఊరే దాని దగ్గరికి వచ్చింది. మర్నాడు ఆడా మగా పిల్లా పాపా అందరూ నడిచి వచ్చి చూశారు. మావాడి నాయనమ్మ చుట్టూ తిరిగి చూసి, సీటు నొక్కి చూసి, ఆఖర్న ముందు భాగం చూపించి అడిగింది: "ఒరే నాయనా, బస్తా ఎక్కడ పెడతార్రా?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎక్సెల్‌కి ముందు చదునుగా ఖాళీ ఉంటుంది, బియ్యం బస్తా అక్కడ పడుతుంది. చిన్న స్కూటర్లకీ కాళ్ల దగ్గర పలక ఉంటుంది. బర్గ్‌మన్ స్ట్రీట్‌కీ ఉంది. మేము కొన్నలాంటి వాటికి మాత్రం కాళ్ల మధ్య దూలంలాగా ఎత్తుగా ఉంటుంది. బస్తా కాదు కదా, సంచి పెట్టడానికీ చోటు లేదు. సీటు కింద ఒక హెల్మెట్ పడుతుంది. వాళ్ల లెక్కలో బండి ఎక్కేవాడు మోసే బరువు అంతే.

అలాగని స్కూటరుని పూర్తిగా తిట్టలేం. ఆగస్టులో వానలప్పుడు మావాడి నాన్నకి జ్వరం ముదిరింది. సెలవులకి మేము ఇద్దరం అక్కడే ఉన్నాం. రాత్రి డోలీ కట్టి నలుగురు భుజాలు మార్చుకుంటూ ఆ 4 కిలోమీటర్లు మోశాం. వాగు మోకాళ్ల పైకి ఉంది. రోడ్డు మీదకి వచ్చాక ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఒకరు పట్టుకుని, ఆ స్కూటరు మీదే ఆసుపత్రికి తీసుకెళ్లాం. మలేరియా అన్నారు. బతికారు. ఆ రాత్రి హెడ్‌లైటు ఎంత దూరం పడిందో ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ ఆలోచిస్తే, రోడ్డు మీద ఏ బండైనా తీసుకెళ్లేది. కష్టమంతా ఆ 4 కిలోమీటర్లలోనే పడ్డాం. అక్కడ పని చేసింది మనుషుల భుజాలు. 2018లో ప్రభుత్వం ఏజెన్సీలో ఫీడర్ అంబులెన్సులని బైకులు పెట్టింది కదా, దారి లేని చోట దానికీ ఇదే కష్టం.

ఆ తర్వాత కిస్తీల కథ. మావాడి సంపాదన రెండే రకాలు. మామిడి సీజను, పెళ్లి భోజనాలు. మామిడి జూన్‌తో అయిపోతుంది. కేటరింగులో వడ్డిస్తే ఒక రోజుకి 500. 5,056 కట్టాలంటే నెలకి పది ముహూర్తాలు పైనే కావాలి. ఆషాఢంలో ముహూర్తాలు లేవు, అప్పు చేసి కట్టాడు. శ్రావణం, కార్తీకం ఎలాగో గడిచాయి. నవంబరు ఆఖర్న శుక్ర మూఢం వచ్చింది. ఫంక్షన్ హాళ్లు ఖాళీ. డిసెంబరుది కిందా మీదా పడి కట్టాడు, జనవరిది తప్పింది, ఫిబ్రవరిది తప్పింది. మన రాబడి ముహూర్తాల మీద, కిస్తీ మాత్రం ప్రతి నెలా 5వ తేదీన. సంతకం పెట్టేటప్పుడు పంచాంగం చూసుకోవాల్సింది.

ఒక సాయంత్రం ఇద్దరు హాస్టల్ గేటు దగ్గరికొచ్చారు. జూనియర్లందరూ చూస్తుండగా మావాడి పేరు పెట్టి, "ఒరే, కట్టలేనోడివి ఎందుకు కొన్నావురా" అన్నారు. షోరూములో సార్, గేటు దగ్గర ఒరే. మధ్యలో తొమ్మిది కిస్తీలు, అంతే తేడా. (రికవరీకి వచ్చేవాళ్లు పొద్దున 8 కంటే ముందు, రాత్రి 7 దాటాక ఫోన్లు చేసి వేధించకూడదని, నలుగురిలో అవమానించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. మాకు అప్పుడు తెలీదు. మీకైనా తెలియాలని రాస్తున్నాం.)

ఆ రాత్రి మావాడు బ్యాగు సర్దుకున్నాడు. "హైదరాబాద్‌లో సెక్యూరిటీ పని ఉందంట, 14,000 ఇస్తారంట, అప్పు తీరాక వచ్చి పరీక్షలు రాస్తా" అన్నాడు. అప్పు తీరాక వస్తానని వెళ్లి తిరిగి రానివాళ్లు మా నాలుగు ఊళ్లలోనూ ఉన్నారు. మీ ఊళ్లలోనూ ఉంటారు. మేము బ్యాగు లాక్కుని మంచం కింద పెట్టేశాం. తెల్లారేదాకా పోట్లాట. "తీసుకోరా అన్నది మేము, ఇప్పుడు నువ్వు ఒక్కడివే పోతావా" అన్నాం. ఆఖరికి ఏడ్చి పడుకున్నాడు.

మర్నాడు నలుగురం ఫైనాన్సు ఆఫీసుకి వెళ్లాం. బాకీ అంతా ఒకేసారి తీర్చేస్తే ఎంతో రాసిమ్మన్నాం. ముందే తీర్చే చార్జీ, తప్పిన నెలల చార్జీ కలిపి 1,18,000 అని ఇచ్చారు. తొమ్మిది నెలల్లో 45,504 కట్టాక కూడా! మొదటి నెలల్లో కట్టిందాంట్లో వడ్డీ వాటా తర్వాతి నెలల కంటే ఎక్కువ పోతుందని అప్పుడు అర్థమైంది. పాయకరావుపేటలో ఒకాయన బండి 1,02,000కి తీసుకున్నారు. ఎక్కువ రాలేదేం అంటే ఇంకో కారణం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. లక్షన్నర ధర బండికి లెక్క కడితే 11,700 దాకా తగ్గుతుంది. కొత్తదే తగ్గితే పాతదానికి ఎవరు పెడతారు? ఫైనాన్సు వాళ్ల దగ్గర బాకీ లేదనే కాగితం తీసుకుని, ఆర్సీ మీద వాళ్ల పేరు తీయించి, అప్పుడే తాళం ఇచ్చాం.

తగ్గిన 16,000ని నలుగురం పంచుకున్నాం, తలా 4,000. ప్రస్తుతానికి తెలిసినవాళ్ల దగ్గర తెచ్చి కట్టేశాం. మొత్తం చూస్తే 35,000, 45,504, ఈ 16,000 కలిపి 96,504 రూపాయలు. పెట్రోలు కాకుండా. పదకొండు నెలలు తిరిగినదానికి. షావుకారు 20,000 ఇంకా అలాగే ఉంది, ఈ ఏడు పిక్కలూ ఆయనకే.

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి జవాబు ఇది. తీసుకోవద్దు అని మేము చెప్పం. మనవాళ్లు మంచి బండి ఎక్కకూడదని ఎక్కడా రాసిలేదు, అలా అనేవాళ్లతో మేమే పోట్లాడతాం. కానీ నాలుగు చూసుకో. మీ ఇంటి గుమ్మం దాకా అది వెళ్తుందా? మీ అమ్మ మోసే బస్తా దాని మీద పడుతుందా? వడ్డీ ఫ్లాటా, తగ్గే బాకీ మీదా? పని దొరకని మూడు నెలలు కిస్తీ ఎక్కడినుంచి వస్తుంది? నాలుగింటికీ జవాబుంటే హాయిగా తీసుకో, ఫోటో పెట్టు, మేమే మొదట లైక్ కొడతాం. ఎవరో చెప్పులు చూసి తక్కువగా మాట్లాడారని మాత్రం సంతకం పెట్టకు.

మావాడు ఐదో సెమిస్టరు రాశాడు. రూములోనే ఉన్నాడు, ఈ పోస్టులో లెక్కలన్నీ వాడే సరిచూశాడు. మేలో యార్డులో నలుగురికీ పని చెప్పి ఉంచాం. ముందు తెచ్చిన 16,000 తీర్చాలి, మిగిలితే షావుకారుకి. వాడి నాన్న మొన్న సంతకి వచ్చి ఫోన్ చేశారు. బండి సంగతి ఎత్తలేదు. ఊరి దారికి రోడ్డు వేయమని అర్జీ పెడతారంట, తెలుగులో బాగా రాసిపెట్టమన్నారు. ఈ పోస్టు అయ్యాక అదే రాయాలి.

జై ఆదివాసీ.

తుని హాస్టల్ నుంచి, నలుగురం.